పిన్నికి అమ్మవారు, నాకు మూర్ఛ

ఎనభైల్లో మా వీధిలో ఒళ్లు తెలియకుండా ఊగిపోయేవాళ్లం ఇద్దరం. నేను, ఎదురింటి పిన్ని. ఆవిడకు వచ్చేది అమ్మవారు. నాకు వచ్చేది మూర్ఛ.

ఆవిడ ఊగితే ఆడవాళ్లు బిందెలతో నీళ్లు తెచ్చి కాళ్ల మీద పోసేవాళ్లు. పసుపు రాసి, చంటిపిల్లల్ని ముందు పడుకోబెట్టేవాళ్లు. మిరపకాయల తొడిమలు తీసే పాకలో నేను పడిపోతే మాత్రం అందరూ లేచి దూరం జరిగేవాళ్లు. ఎవరో నా గుప్పిట్లో తాళాలగుత్తి కుక్కేవాళ్లు. నా నోటి నురగ అంటుకుంటుందని మంచినీళ్ల గ్లాసు విడిగా పెట్టారు. నాకప్పుడు పంతొమ్మిదేళ్లు. పిన్నిని చూసి కుళ్లుకునేదాన్ని. ఒకసారి గదిలో జుట్టు విరబోసుకుని ఆవిడలాగే ఊగి చూశాను. అమ్మ చూసి, "మళ్లీ వచ్చిందా తల్లీ!" అని ఏడుస్తూ తాళాల కోసం పరిగెత్తింది.

తర్వాత గుంటూరు డాక్టరు రాసిన మాత్రలతో నాకు పడిపోవడం తగ్గింది. ఊళ్లో ఎవరూ నమ్మలేదు.

ఒక మధ్యాహ్నం పిన్ని మా పెరటి గుమ్మంలోకి వచ్చింది.

"అమ్మాయ్, మా పిల్లకీ నీలాగే వస్తోందే. ఆ డాక్టరు ఎక్కడుంటాడో చెప్పవే."

"నీకు అమ్మవారుందిగా పిన్నీ, ఆవిణ్నే అడుగు."

"అడిగా. ఏం చెప్పలేదు," అంది.

డాక్టరు చిరునామా ఉన్న చీటీ ఇంట్లోనే ఉంది. వెతికి రేపిస్తానన్నాను. మర్నాడూ అదే మాట చెప్పాను. ఆవిడ నన్ను బతిమాలుతుంటే ఇంకొక్క రోజు చూడాలనిపించింది.

మూడో రోజు ఆ పిల్ల కేక వీధంతా వినిపించింది. ఎవరో చెప్పారని పసుపుకొమ్ము కాల్చి నుదుట వాత పెట్టారు. ఏడేళ్ల పిల్ల.

చీటీ పట్టుకుని పరిగెత్తాను. మర్నాడు బస్సులో వాళ్లతో నేనూ గుంటూరు వెళ్లాను. డాక్టరు వాత చూసి పిన్నిని తిట్టాడు. ఆవిడ తల వంచుకుంది. చీటీ ఆలస్యం సంగతి ఆవిడ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

మాత్రలతో పిల్లకి తగ్గింది. మచ్చ పోలేదు. చాలా ఏళ్లకి, పెళ్లిచూపుల రోజున పిన్ని నన్ను పిలిచి, దాని జుట్టు నుదుటి మీదకి దువ్వమంది. నా సంగతి ఊరంతా తెలుసు కాబట్టి నన్ను చూడ్డానికి ఎవరూ రాలేదు. ఆ పిల్ల సంగతి మా వీధి దాటి పొక్కలేదు. అద్దంలో దాని మొహం చూస్తూ మళ్లీ కుళ్లుకున్నాను. మచ్చ కనపడకుండా దువ్వాను.