ఇరవై పడ్డ నాడు

నేను ఎనిమిదో తరగతి దాకా చదివాను. ఏడును రెండుసార్లు చదివాను కాబట్టి లెక్కకు తొమ్మిదని చెప్పుకుంటాను. అంత చదువుకున్నవాణ్ణి కూడా నా మోటారు వైండింగ్ దుకాణం సొరుగులో, రాగితీగ ముక్కల కింద, వార్నిష్ వాసన పట్టి పడివున్న ఒక ప్లాస్టిక్ రాయి చేతికి తగిలితే ఉలిక్కిపడతాను. నల్లది, రేగుపండంత. ఇరవై మొహాలు, మొహానికో అంకె.

గద్వాలలో మా పక్కింటి సలీం వాళ్ల మామ బొంబాయి నుంచి తెచ్చిన ఆటపెట్టెలోది అది. మిగతాదంతా ఇంగ్లీషు పుస్తకం. బొమ్మలు చూసి మేం గ్రహించిందల్లా ఒకటే: ఒకరు కథ చెబుతారు, మిగిలినవాళ్లు కథలో మనుషులవుతారు, ఏం జరగాలో రాయి తేలుస్తుంది. ఆడేది సలీం, వాడి అక్క మున్నీ. కథ చెప్పేది నేను. అబద్ధాలాడటంలో క్లాసు మొత్తానికి నేనే మొదటివాణ్ణి కదా.

ఎండాకాలం మధ్యాహ్నాలు సలీం వాళ్ల వసారా బండల మీద నీళ్లు చల్లి, అవి ఆరీఆరకముందే సుద్దముక్కతో కృష్ణానది గీసి, దాని అవతల వనపర్తి, శ్రీరంగాపూర్ చెరువు, నాగర్‌కర్నూల్, అచ్చంపేట, ఆ వెనక పులులతో నల్లమల గీసేవాళ్లం. వనపర్తిలో అమ్మమ్మ ఇంటి దాకా పోయొచ్చిన నేను వాళ్ల దృష్టిలో లోకం చుట్టినవాణ్ణి. తలా ఏడు చింతగింజలు ప్రాణం. సీతాఫలాల కాలం వస్తే ప్రాణాలు కూడా సీతాఫలం గింజలైపోయేవి. సలీం నాయనమ్మ, మా అందరికీ దాదీ, వక్కలు కత్తిరిస్తూ మా పులుల్ని తిట్టేది. పీర్ల పండుగ నాడు మలీద ముద్దలు తిన్న చేతుల్లో నెయ్యికి రాయి జారిపోయేది.

“ముంగట పులి ఉన్నది. ఇప్పుడు నువ్వేం జేస్తవ్?” అనేవాణ్ణి.

“దాన్తోని మాట్లాడ్త,” అనేవాడు సలీం.

“పులికి ఉర్దూ రాదు తియ్!” అనేది మున్నీ.

పుస్తకం చదవలేక నియమాలు మేమే పెట్టుకున్నాం. బడిలో ఒకటో నంబరు వచ్చినవాడికి చప్పట్లు, ఇరవయ్యో నంబరు వచ్చిన నాకు తొడపాశం. కాబట్టి ఆటలోనూ ఒకటి పడితే గెలుపు, ఇరవై పడితే చావు. ఇంకో నియమం, పడిన అంకె అప్పటికప్పుడు తగలదు. కథ చెప్పేవాడు ఆ మనిషి ఎదుట నిలబడి చెబితేనే తగులుతుంది. అందుకే ఇరవై పడగానే సలీం చెవులు మూసుకుని వీధిలోకి పరుగెత్తేవాడు. పొద్దుగూకేదాకా నాకు దొరక్కపోతే బతికినట్టే.

ఆ ఏడు శ్రీరంగాపూర్ జాతరకని పుట్టింటికి వెళ్లిన అమ్మ జ్వరంతో వనపర్తి దవాఖానలో పడింది. కబురు వచ్చిన మధ్యాహ్నం, సలీం వాళ్లు అన్నానికి లేచినప్పుడు, వసారాలో ఒక్కణ్ణే కూర్చుని అమ్మ పేరు మీద రాయి వేశాను.

ఇరవై.

అరికాళ్ల కింద బండలు చల్లబడిపోయాయి. అంతలో బయటి నుంచి నాన్న కేక వేశాడు: “బస్సు పోతదిరా, అమ్మను జూసొద్దాం నడువు!” నేను సలీం ఇంట్లో జొన్నల గుమ్మి వెనక నక్కాను. నోరు మూసుకున్నా నా మొహంలో ఆ అంకె అమ్మ చదివేస్తుంది, చదివితే తగులుతుంది. నాన్న ఒక్కడే పోయాడు. అమ్మ కోలుకునేదాకా ఆ పొద్దు గూకనట్టే అనుకుని, మర్నాడు కడుపునొప్పి అన్నాను, ఆ తర్వాత కాలు బెణికిందన్నాను. నాన్న కోపంతో అడగడం మానేశాడు. తొమ్మిదో రోజు అమ్మ బస్సు దిగి, చిక్కి సగమై నడుచుకుంటూ వచ్చి, జాతరలో కొన్న మిఠాయి పొట్లం నా చేతిలో పెట్టింది. ఎందుకు రాలేదని అడగలేదు. నేనూ చెప్పలేదు.

మరుసటేడు బడి వదిలి వైండింగ్ పనిలో చేరాను. ఆట వదిలింది గాని ‘ఇప్పుడు నువ్వేం జేస్తవ్’ అన్న ప్రశ్న వదల్లేదు. మోటారు విప్పబోతే మెయిన్ స్విచ్ మూడుసార్లు చూసుకుంటాను. నా బిడ్డ బస్సెక్కితే టైరు, వంతెన, డ్రైవరు కునుకు, అన్నీ వరసగా కథలై వస్తాయి. ఆమె ఫోన్ చేసేదాకా తిన్నది అరగదు. “మోటరు జేస్తున్నవా, పంచాంగం జూస్తున్నవా?” అంటారు రైతులు. నవ్విస్తూ జవాబిస్తాను. వాళ్లు అటు తిరగ్గానే మెయిన్ నాలుగోసారి చూసుకుంటాను.

మొన్న నాగర్‌కర్నూల్ నుంచి సలీం, హైదరాబాదులో చదివే కూతురితో దుకాణానికి వచ్చాడు. ఆ పిల్ల సొరుగులో రాయి చూసి ఎగిరి గంతేసింది: “చాచా, హాస్టల్ల మేం గూడ గిదే ఆడ్తం!” మా నియమాలు చెప్పగానే బల్ల పట్టుకుని నవ్వింది. “ఇరవై అంటే సావు గాదు చాచా, అన్నిట్ల మంచి నంబరు గదే!”

వాళ్లు వెళ్లాక ఇంటికొచ్చి పక్కింటి ముందు నిలబడ్డాను. సలీం వాళ్లు అమ్మేసిన ఆ వసారాలో ఇప్పుడు నున్నటి టైల్స్, సుద్ద అంటదు. దాదీ లేదు. గుమ్మి లేదు. ఆ పుస్తకం ఏనాడో చెదల పాలైంది.

సాయంత్రం పల్లీలు ఒలుస్తున్న అమ్మ దగ్గర కూర్చుని మొదటిసారి అంతా చెప్పాను. “నిన్ను బతికించనీకెనే రాలేదమ్మా,” అన్నాను.

అమ్మ చేతిలోని కాయ ఒలవకుండానే నా వైపు చూసింది.

“బతికించినవు తియ్! జొరం మూడు దినాలకే దిగింది. కడమ ఆరు దినాలు, నా కొడుకొస్తెనే కదుల్తనని మీ అమ్మమ్మింటి తలుపుకాడ కూసున్న.”