రెండు సర్కార్ల బాలమ్మ

వీసా రాలేదన్న బాధ కంటే, ఎందుకు రాలేదన్న ఆరాటమే బాలమ్మకు ఎక్కువ. ముంబయిలోని ఇంగ్లండు వీసా ఆఫీసు నుంచి వచ్చిన కవరు కొంగులో దాచుకుని బస్సు మీద బస్సు మారి చంద్రపూర్ పక్కన దుర్గాపూర్‌లో మా క్వార్టరుకు వచ్చింది. చాయ్ వద్దని చెయ్యి ఊపి, "ఏం రాసిండ్రో సదువు తమ్మీ. ఒక్క ముక్క ఇడువకు" అంది.

చదివి తెలుగులో చెప్పాను. బొగ్గు గని టైమాఫీసులో గుమాస్తాను కాబట్టి, ఇంగ్లీషు కాగితం విప్పి చెప్పే పని మా వాడకట్టులో నాదే. వీసా ఇవ్వకపోవడానికి రెండు కారణాలు రాశారు. ఒకటి, ఈమె ఏ రాష్ట్రంలో ఉంటుందో అర్థం కావడం లేదు. రెండు, భర్త లేడు, ఉన్న ఒక్క కూతురూ ఇంగ్లండులోనే ఉంది కనుక, వెళితే తిరిగి వస్తుందన్న నమ్మకం లేదు.

మొదటిది విని నవ్వింది. రెండోది వినగానే ఆ నవ్వు ఆగిపోయింది.

"ఆయన నన్ను సూడనన్న సూడలే. నేను రానని ఆయనకెట్ల తెలిసింది?"

"ఊహించి రాస్తరక్కా."

"ఊకెనే ఎట్ల ఊహిస్తరు? ఏదో ఒకటి సూసే ఉంటడు. ఏం సూసిండు?"

నాకేం తెలుసు? కానీ ఆమె అడిగే తీరు అలాంటిది, అడిగాక మనకూ నిద్ర పట్టదు.

ఆమె కూతురు శ్రీవాణి చంద్రపూర్‌లో నర్సు చదువు చదివినన్నాళ్లూ మా ఇంట్లోనే ఉంది. మా ఆవిడ రమకు సొంత చెల్లెలి లెక్క. ఎస్టీడీ బూత్‌ల పక్కన కంప్యూటర్ సెంటర్లు మొలుస్తూ, పరాయి దేశాల ఆస్పత్రులు మన నర్సుల కోసం పేపర్లో ప్రకటనలు ఇస్తున్న రోజులవి. ఆ గాలికి శ్రీవాణి, ఆమె మొగుడు ఇంగ్లండు వెళ్లారు. ఇప్పుడామెకు నెలలు నిండుతున్నాయి. అత్త లేదు. ఉగాది దాటాక కాన్పు. బాలమ్మ పత్తి ఏరుడు ముగించుకుని మరీ బయలుదేరదామనుకుంది.

"తొలి కాన్పు తల్లిగారింట్ల గావాలె. అది రాలేదాయె. బిడ్డ ఇంటికి రాకుంటే ఇల్లే బిడ్డ దగ్గరికి పోవాలె" అనేది.

ఇక రాష్ట్రం గొడవ. బాలమ్మది జివతి గుట్టల మీది ఊరు. మాదంటే మాదని మహారాష్ట్ర, ఆంధ్ర కొట్లాడుకునే ఊళ్లలో ఒకటి. రెండు బడులు, రెండు రేషన్ దుకాణాలు, రెండు ఓట్లు, ఇద్దరు సర్పంచులు. లోనుకైనా బావికైనా అక్కడివాళ్లు రెండు సర్కార్ల కాగితాలూ కుట్టి ఇస్తారు. ఒకటి పనిచేయకపోతే రెండోది పనిచేస్తుందని వాళ్ల ధీమా. అలవాటు ప్రకారం బాలమ్మ వీసా అర్జీకి కూడా రెండు రేషన్ కార్డులూ, రెండు ఓటరు కార్డులూ జతచేసింది. అర్జీ నింపిన, రాజురా పట్నంలోని ఏజెంటు కూడా ఆ పక్క ఊరివాడే కావడంతో, ఎంత బలమైన అర్జీ అని మెచ్చుకున్నాడట. లోకమంతా తమ ఊరి తీరే అనుకుంటే ఇంతే.

"ఈసారి ఆంధ్రా కాగితాలు తీసేద్దాం. పాస్‌పోర్టు నాగపూర్‌ది, మహారాష్ట్ర ఒక్కటే చూపిద్దాం" అన్నాను.

"మొన్న ఇచ్చింది ఇయ్యాల దాస్తే దొంగనైత. రెండు ఉన్నయ్, రెండు ఎందుకున్నయో చెప్పాలె."

"నీ ఊరి సంగతి సుప్రీం కోర్టుకే తెగలేదు, కిటికీ వెనకున్నాయనకు అర్థమైతదా?" అని కసురుకున్నాను. ఆమె తొణకలేదు. ఇద్దరు సర్పంచులతో ఒకే కాగితం మీద సంతకాలు చేయిస్తానంది.

ఆ మాటకు రమ పకపకా నవ్వింది. ఆంధ్రా సర్పంచ్ ఆశన్న, మహారాష్ట్ర సర్పంచ్ దేవన్న వరసకు బావాబామ్మర్దులు. పెళ్లిళ్లలో ఒకే బంతిలో కూర్చుంటారు. కానీ ఒకరినొకరు సర్పంచ్ అని పిలవగా విన్నవాడు లేడు. ఒకే కాగితం మీద ముద్ర వేస్తే ఎదుటివాడిని ఒప్పుకున్నట్టే కదా!

ఏం జరుగుతుందో చూడాలని సెలవు పెట్టి నేనూ ఆమెతో గుట్ట ఎక్కాను. నిజం చెప్పాలంటే, సాయం కోసం కాదు, వినోదం కోసమే. బాలమ్మ ఇద్దరినీ తన పందిట్లో కూర్చోబెట్టి జొన్నరొట్టె, వంకాయ కూర పెట్టింది. వాళ్లు చేతులు కడుక్కోగానే కాగితం ముందు పెట్టింది.

"ఆయన చెయ్యనియ్, చూస్త" అన్నాడు ఆశన్న.

"పైన ఎవలు చేస్తరు, కింద ఎవలు చేస్తరు?" అన్నాడు దేవన్న.

అదీ చిక్కు. బాలమ్మ కాగితాన్ని నిలువుగా మడిచింది. "పైన లేదు, కింద లేదు. గీ పక్కకు నువ్వు, గా పక్కకు నువ్వు. శ్రీవాణి ఏడాదిది ఉన్నప్పుడు మీ ఇద్దరి ఇండ్లల్ల పాలు తాగి పెరిగింది. గప్పుడు ఏ సర్కారు పాలని అడగలే. అయినా వద్దంటరా, నాకు రెండు ఓట్లున్నయ్. రెండు ఎవలికీ పడయ్."

ఇద్దరూ ఒకేసారి పెన్ను కోసం నా జేబు వైపు చెయ్యి చాపారు. ఒకటి తెలుగు ముద్ర, ఒకటి మరాఠీ ముద్ర. ఇది ఒకే ఊరు, ఈమె ఒకే బాలమ్మ అని దాని సారాంశం. దాన్ని నేను ఇంగ్లీషులో టైపు చేసి, భూమి కాగితాలతో కలిపి మళ్లీ పంపాను.

ఈసారి ఇంటర్వ్యూకని ముంబయి వీసా ఆఫీసుకు పిలిచారు. నన్ను గేటు దగ్గరే ఆపేశారు. ఎండలో నిలబడి లోపల ఏమవుతోందోనని గోళ్లు కొరుక్కున్నాను. ఆమె బయటకు రాగానే, "ఏమడిగిండు?" అన్నాను.

"ఊరు సంగతి అడిగిండు. కాగితం అటు తిప్పి ఇటు తిప్పి సూసి నవ్విండు. నీకున్నది ఒక్క బిడ్డ, అది గక్కడ్నే ఉండె, మళ్ల ఎందుకొస్తవ్ అన్నడు. మిరుగం కార్తెకు పత్తి గింజలు నేను పెట్టకుంటే ఎవలు పెడతరు సారూ అన్న."

"అంతేనా?"

"నేనొకటి అడిగిన. నన్ను సూడకుంట నేను రానని ఎట్ల రాసిండ్రు అని. నా మాట ఇంగ్లీషులకు తిప్పి చెప్పే పిల్ల అది మాత్రం చెప్పలే. నవ్వి ఊకున్నది."

అదే సాయంత్రం అక్కడే వీసా చేతికి వచ్చింది. ఎందుకు వచ్చిందో ఎవరూ రాయలేదు. కాదంటే కారణం రాస్తారు గానీ సరేనంటే రాయరు. సంతకాలకా, పత్తికా, ఆ ఆఫీసరుకు ఆ రోజు మనసు బాగుండా అన్నది నాకు ఇప్పటికీ తెలియదు. బాలమ్మ ఆ ఆఫీసు గోడ వైపు చూపుడు వేలు చూపించి శపథం పట్టింది: "తిరిగి వచ్చిన్నాడు మొదాలు ఈడికే వస్త. సూడు, వచ్చిన అని మొకం సూపించి పోత."

చైత్రంలో మనవరాలు పుట్టింది. బాలమ్మ చేతుల్లోకే వచ్చిందని శ్రీవాణి ఫోన్లో చెబుతూ ఏడ్చింది, ఇటు రమా ఏడ్చింది.

జూన్‌లో విత్తనాలు పెట్టే మిరుగానికి వారం ముందు నేను ముంబయి ఎయిర్‌పోర్టుకు వెళ్లాను. బాలమ్మ వచ్చింది, అన్న మాట ప్రకారమే. మీద ఉన్ని శాలువా, చేతిలో బిడ్డ పెట్టిచ్చిన సంచి. నాకు గర్వంగా ఉంది. టాక్సీ ఎక్కగానే, "పదక్కా, ముందు గా ఆఫీసుకే పోదాం. మొకం సూపిద్దాం" అన్నాను.

"వద్దు తమ్మీ."

"అదేంది? శపథం పట్టినవ్ గదా?"

బాలమ్మ కొంగు అంచును వేళ్లతో నలుపుతూ ఉంది.

"మనుమరాలు నా కొంగు పట్టుకునే పండేది. బయలెల్లే పొద్దు దాని పిడికిలి ఇప్పి కొంగు గుంజుకున్న. గప్పుడు నాకు పత్తి యాదికి రాలే, ఊరు యాదికి రాలే. గక్కడ్నే కూలబడ్డ. అల్లుడు రెక్క పట్టి లేపి బండి ఎక్కిచ్చిండు. నా అంతట నేనైతే వచ్చేదాన్నే గాదు."

డ్రైవరు ఎటు పోవాలని హిందీలో అడుగుతున్నాడు.

"ఆయన రాసింది నిజమే తమ్మీ. నా గురించి నాకే తెల్వంది, నన్ను సూడకుంట ఆయనకెట్ల తెలిసింది?"

స్టేషన్‌కు పోనిమ్మని డ్రైవరుకు చెప్పాను.