సరళమ్మ పేరుతో ఒక లాగిన్

నా తెలివితక్కువతనం ముందు చెబుతాను, అది తేలిక. తప్పు తర్వాత. ఆరేళ్లుగా మోస్తున్నది దాన్నే.

హోసూరులో ఇంజన్ విడిభాగాలు చేసే చిన్న కంపెనీలో కంప్యూటర్లు చూసుకునేది నేను. ఆదివారాలు రాయకోటలో మా ఇంటి నుంచే సర్వర్‌లోకి వెళ్లవచ్చని బయటి దారి తెరిచిపెట్టాను. అది పనిచేస్తుందో లేదో చూడటానికి, స్టోర్స్ చూసే సరళమ్మ పేరుతో ఒక లాగిన్ తయారుచేశాను. పాస్‌వర్డ్ రాయకోట. ఎక్కడా రాయకూడదు గనుక రాయకోట అని నాలో నేనే నవ్వుకున్నాను. తర్వాత దాన్ని తీసేయడం మరిచాను. అలాంటిది ఒకటుందని ఆమెకు తెలియనే తెలియదు.

ఎక్కడెక్కడి యంత్రాలో రోజంతా పాస్‌వర్డ్‌లు వేసి చూస్తుంటాయని తెలుసు. మా కంపెనీ ఎవరిక్కావాలిలే అనుకున్నాను. ఒక సోమవారం వచ్చేసరికి విడిభాగాల డ్రాయింగులు ఒక్కటీ తెరుచుకోలేదు, ఎవరో సర్వర్‌లోకి చొరబడి అన్నీ పాడుచేశారు. ఎవరు లోపలికి వచ్చారో చూపే లాగ్‌ను ఓనరు తెరిపించాడు.

"సరళ అని ఉండాది. నీదే కదమ్మా?"

"నాకు అట్లాంటిదే లేదు సార్." ఆమె నా వైపు తిరిగింది. "నువ్వు చెప్పప్పా. నాకెప్పుడన్నా ఇచ్చినావా?"

"లాగ్‌లో అట్లే ఉందమ్మా," అన్నాను.

అందులో ఒక్క అక్షరమూ అబద్ధం కాదు. అదే నన్ను ఇన్నాళ్లూ కాపాడింది, అదే కొరికింది కూడా. పాస్‌వర్డ్ ఎవరికో చెప్పిందన్న మాట పడి, ఆ నెలలోనే మానేసి ఆమె సొంతూరు పోచంపల్లి వెళ్లిపోయింది.

ఎందుకు చెప్పలేదు? ఉద్యోగం పోతుందనా? కాదు, పనిమంతుడన్న పేరు పోతుందని. నా పని చూసుకోవడానికి ఒకసారి, నా పేరు నిలుపుకోవడానికి ఇంకోసారి, ఆమె పేరు రెండుసార్లు వాడుకున్నాను.

ఆ వారమే పాస్‌వర్డ్‌లు ఎత్తేశాను. కంప్యూటర్‌లో తాళంచెవి ఫైలు ఉన్నవాళ్లకే ప్రవేశం. మూడుసార్లు తప్పితే ఇక బయటే. నా తప్పు ఒక్కటే కాబట్టి కాబోలు, నన్ను లోపలే ఉంచి సెక్యూరిటీ ఇన్‌ఛార్జిని చేశారు.

పోచంపల్లి బస్సు ఇంకా ఎక్కలేదు. మీకు చెప్పాను, కొంచెం ఊపిరి ఆడుతోంది. క్షమించమని అడగను, అది మీ చేతిలో లేదు.

పాస్‌వర్డ్‌లు వేసి చూసే ఆ యంత్రాల మీద మాత్రం చిన్న పగ తీర్చుకున్నాను. పాత దారిలో ఉత్తుత్తి తలుపు ఒకటి పెట్టాను. తట్టినవాటికి అది రమ్మనదు, పొమ్మనదు. పది సెకన్లకో ముక్క పంపుతూ నిలబెట్టేస్తుంది. పిచ్చి అక్షరాలు పంపితే చాలు. నేను మాత్రం ఒక వాక్యం పెట్టాను. ఏ దేశం యంత్రాలో ఇప్పుడు కూడా కదలకుండా నిలబడి వింటున్నాయి: ఆ లాగిన్... సరళమ్మది... కాదు... నేను... చేసింది.