రంగూను అత్తయ్య ఆవిరి బుట్ట

జగ్గయ్యపేట నుంచి వచ్చే మొదటి బస్సు మా బడి ముందు ఎప్పుడూ ఆగదు. మొన్న ఆగింది. నందిగామలో అప్పటికింకా ఎండ ఎక్కలేదు. కండక్టరు దిగి గేటు దాకా నడిచి వచ్చి, తలగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"టీచరమ్మా, మీ రంగూను అత్తయ్యగారు తెల్లారుజామున పోయారండి. నిద్దట్లోనే. ఎదురొచ్చే బస్సుకి చెప్తా, మిమ్మల్ని ఎక్కించుకుంటాడు" అన్నాడు. వెళ్ళబోయి, మళ్ళీ వెనక్కి తిరిగాడు. "ఆవిడ చేత్తో తిన్నానండి నేను కూడా."

మీలో హైదరాబాదు రోడ్డు మీద ప్రయాణం చేసినవాళ్ళు కొందరు తినే ఉంటారు. గరికపాడు ఇవతల, లారీలు ఆగేచోట, తాటాకు పాకలో బల్లలు వేసి, వెదురు బుట్టల్లో పొగలు కక్కే కుడుములు పెట్టే పెద్దావిడ మా అత్తయ్యే. ఆమె గురించి నాలుగు మాటలు చెప్పుకోవాలనిపించి ఇది రాస్తున్నాను.

ఆమె మా అమ్మ అన్నగారి భార్య. పెళ్ళయిన కొత్తలోనే మావయ్యతో ఓడెక్కి రంగూను వెళ్ళింది. మావయ్యకు అక్కడ బియ్యం మిల్లులో పని. యుద్ధం వచ్చి ఊరి మీద బాంబులు పడుతున్నప్పుడు మావయ్య ఆమెను రేవుకు తీసుకువెళ్ళి ఓడెక్కించి, "నువ్వు పద, నేను వెనకాలే వస్తా" అన్నాడట. ఆమె వచ్చింది. ఆయన రాలేదు. యుద్ధం అయిపోయింది, దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది, అయినా రాలేదు. అటునుంచి వచ్చినవాళ్ళను అడిగితే, "ఉన్నాడమ్మా, బాగానే ఉన్నాడు" అనేవారు. అంతకు మించి ఎవరూ ఏమీ చెప్పేవారు కాదు. ఆమె కూడా అడిగేది కాదు. జగ్గయ్యపేటలో ఒక గది తీసుకుని రవికెలు కుట్టుకుంటూ బతికింది.

నేను హైస్కూలు చదువు కోసం చందర్లపాడు నుంచి వచ్చి ఆమె దగ్గర ఉన్నాను. మా ఇద్దరికీ రోజూ జొన్నన్నం, పచ్చిపులుసు. ఉంటే పప్పు. సాయంత్రం దీపాలవేళ కంచాల ముందు కూర్చోగానే అత్తయ్య, "కళ్ళు మూసుకో. ఇయాళ బయట తిందాం" అనేది.

"ఇప్పుడు మనం మేడెక్కుతున్నాం. చెక్కమెట్లు, కిర్రుమంటయ్, చూసుకుని అడుగెయ్యి. ఇదిగో, చీనావాళ్ళ టీ హోటలు. గుడి నుంచి నేనూ మీ మావయ్యా సరాసరి ఇక్కడికే వచ్చేవాళ్ళం. నువ్వు కిటికీ పక్కన కూచో, నది కనపడుద్ది."

ఆమెకు గుడి అంటే చర్చి. నేను కళ్ళు మూసుకుని కూర్చునేదాన్ని. గుండ్రటి వెదురు బుట్టలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఎవరో మోసుకొచ్చేవారు. మూత తీస్తే ముందు ఆవిరి, తరువాత వాసన, ఆ తరువాత కుడుములు కనిపించేవి. వాటి పైపొర ఎంత పలచనంటే లోపలి రొయ్య ఎర్రగా బయటికి కనపడేదట.

"ఏం కావాలో అడుగు" అనేది.

"రొయ్యలయ్యి, అత్తయ్యా."

"అయిపోయినయ్యంట. ఇంకోటి అడుగు."

కలలోనైనా సరుకు అయిపోతుందని నాకు అప్పుడే తెలిసింది. ఇద్దరం నవ్వుకుంటూ పచ్చిపులుసు కలుపుకునేవాళ్ళం. ఆ జొన్నన్నం రుచి ఇప్పుడు గుర్తు చేసుకుంటే నాకు గుర్తొచ్చేది నది.

ఒకసారి ఆమె మేదరి ఇంటికి వెళ్ళి అలాంటి బుట్ట అల్లించింది. జానెడు వెడల్పు, బెత్తెడు ఎత్తు, పైన మూత. మేదరి దాన్ని తిప్పి తిప్పి చూసి, "ఇంత పొట్టిదేంటమ్మా, కోడిపిల్ల కూడా పట్టదే" అన్నాడు. "నా రంగూనంతా పడుద్దిలే, ఇయ్యి" అంది అత్తయ్య. బియ్యప్పిండి ఉడికించి, పలచగా అదిమి, ఎండు రొయ్యలు, ఉల్లికాడలు, అల్లం కూరి మడతలు పెట్టేది. మొదట్లో నేను చేస్తే అన్నీ చిరిగేవి. "పిండికి నీ తొందర తెలుసుద్దే. నిదానంగా మడువు" అనేది. అవి పండగ పూట మాత్రమే. ఎండు రొయ్యలు రోజూ కొనగల ఇల్లు కాదు మాది.

స్కూలు ఫైనలు పాసయినప్పుడు నన్ను నిజంగానే బయట తినడానికి తీసుకువెళ్ళింది. నందిగామలో బస్టాండు దగ్గర ఒక కాఫీ హోటలు. అప్పట్లో ఆడవాళ్ళు హోటల్లోకి వెళ్ళేవాళ్ళు కారు. పైగా మేము ఏ పేటవాళ్ళమో చూడగానే పోల్చుకునే రోజులు. గల్లా దగ్గర కూర్చున్న ఆయన మమ్మల్ని గుమ్మంలోనే ఆపాడు.

"పార్శిలు కట్టిస్తానమ్మా, పక్కన నిలబడండి."

"ఇడ్లీ వేడిగా ఉందా బాబూ?" అంది అత్తయ్య.

"ఇప్పుడే దించారు."

"అయితే కూచునే తింటాం. ఆవిరి పార్శిల్లో రాదుగా."

లోపల తింటున్న మగవాళ్ళంతా తలలు తిప్పి చూశారు. నేను అత్తయ్య వెనక్కి జరిగాను. అత్తయ్య గొంతు పెంచలేదు, అక్కడి నుంచి కదలలేదు. గుమ్మంలోనే నిలబడి, చిన్నగా నవ్వుతూ, ఆయన ముఖంలోకే చూస్తూ ఉంది. వెనక లోపలికి రావాల్సినవాళ్ళు రాలేక ఆగిపోయారు. చివరికి ఆయన విసుగ్గా మూల బల్ల చూపించాడు. అత్తయ్య మహారాణిలా నడిచి వెళ్ళి, నన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టింది. ఇడ్లీ నోట్లో పెట్టుకోబోతుంటే నా చెవిలో, "నది కనపడుతుందా?" అంది. బయట ఎద్దుబండ్లు, దుమ్ము, మిరపబస్తాలు. నాకు నది కనపడింది.

నాకు టీచరు ఉద్యోగం వచ్చాక ఒక ఎండాకాలం సెలవులకు ఆమె దగ్గరికి వెళ్ళాను. బర్మా నుంచి మనవాళ్ళను పంపించేస్తున్నారని, ఓడలకు ఓడలు వస్తున్నాయని అందరూ చెప్పుకుంటున్న రోజులవి. మధ్యాహ్నం అత్తయ్య మిషను తొక్కుతోంది. వాకిట్లో నీడ పడింది. బుగ్గలు లోపలికి పోయిన ఒక ముసలాయన. ఆయన వేలు పట్టుకుని తొమ్మిదేళ్ళ పిల్ల.

అత్తయ్య మిషను ఆపలేదు. కుట్టు చివరిదాకా వచ్చాక దారం కొరికి, అప్పుడు తలెత్తింది.

"వెనకాలే వస్తానన్నావుగా" అంది.

మావయ్య పిల్లను ముందుకు జరిపాడు.

"ఈ పిల్లెవరు?"

"నా బిడ్డే. వాళ్ళమ్మది ఆ దేశమే. జొరమొచ్చి పోయింది. నన్ను పొమ్మంటే పోతా. దీనికి మాత్రం..."

అత్తయ్య కుట్టిన రవికె మడిచి పక్కన పెట్టింది. "పసిదాన్ని ఎండలో నిలబెట్టావేంది. లోపలికి తీసుకురా" అంది.

ఆ పిల్ల పేరు ఖిన్. మా నోటికి కిన్ని అయింది. తెలుగు ఒక్క ముక్క రాదు. మా గోంగూర, మా కారాలు నాలుక మీద పెట్టుకోగానే కళ్ళ వెంట నీళ్ళు కారేవి. రెండు రోజులు మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు. మావయ్య బతిమాలితే గోడవైపు తిరిగి పడుకునేది. ఒకసారి నేను పెరట్లోకి వెళితే, అత్తయ్య చెంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. దగ్గరికి వెళ్ళబోయాను. "నువ్వు రామాక. కాసేపు ఏడవనియ్యి" అంది.

తరువాత ముఖం కడుక్కుని వచ్చి, కొక్కేనికి వేలాడుతున్న బుట్ట దించింది. నేను పిండి కలుపుతానంటే వద్దంది. అన్నీ తనే చేసుకుంది. బుట్టను మూత పెట్టే తెచ్చి పిల్ల ముందు పెట్టి, బర్మా భాషలో ఏదో అడిగింది. అన్నేళ్ళు ఆ ఇంట్లో ఉన్నాను, ఆమె నోట ఆ భాష వినడం అదే మొదలు. కిన్ని లేచి కూర్చుంది. మూత తీసింది. ఆవిరి దాని ముఖాన్ని కప్పేసింది. ఆ ఆవిరి వెనకాల అది ఏడుస్తోందో తింటోందో నాకు తెలియలేదు. కాసేపటికి మెల్లగా ఏదో అంది. అత్తయ్య ఫక్కున నవ్వింది.

"ఏం అడిగావత్తయ్యా దాన్ని?"

"ఏం కావాలో చెప్పమన్నా."

"ఏమంది?"

"ఇంకో బుట్ట అంది."

ఊళ్ళో గుసగుసలు మొదలయ్యాయి. మా అమ్మే వచ్చి, "వదినా, నీకు ఇంత అన్నాయం చేసినోడి పిల్లని నువ్వెందుకు మొయ్యాల" అని ఏడ్చింది. సంఘపెద్ద ఒకాయన అనాథల హాస్టల్లో చేర్పిద్దామన్నాడు. "అనాథ కాదండి. మా ఇంట్లో పిల్ల. ఆకలేస్తే నన్నే అడుగుద్ది" అంది అత్తయ్య. ఆ మాటతో అది అయిపోయింది.

మావయ్యకు పంచలో మంచం వేసింది. ఆయనను క్షమించావా అని ఒకసారి అడిగాను. "ఆయనకి అన్నం పెడుతున్నా. పిల్లకి అమ్మనయ్యా. అది వేరు, ఇది వేరు. నువ్వడిగింది మూడోది. అది నాకింకా తెలవట్లేదే" అంది. మావయ్య పోయేదాకా ఆయన పథ్యం తనే వండింది. ఆ మూడోదాని సంగతి నాకు మళ్ళీ చెప్పలేదు, నేనూ అడగలేదు.

పెద్దరోడ్డు పక్కన పాక వేసింది ఆ తరువాతే. కిన్ని మడతలు పెట్టేది, అత్తయ్య ఆవిరి చూసుకునేది. లారీవాళ్ళు ముందు వింతగా చూశారు, తరువాత అలవాటు పడ్డారు. అక్కడ ఎవరికైనా ఒకే బల్ల, ఒకే గ్లాసు. మిరపకోతల నుంచి తిరిగి వెళ్ళే ఆడకూలీలు సిగ్గుపడి బయటే ఆగితే, "నిలబడి తినేవాళ్ళకి నేను పెట్టనమ్మా. కూచోండి" అనేది. వాళ్ళు చీరకొంగులతో బల్ల దులుపుకుని, మట్టికాళ్ళు లోపలికి ముడుచుకుని కూర్చునేవారు. హోటల్లో బల్ల ముందు కూర్చుని తినడం వాళ్ళకు జీవితంలో అదే మొదలు. అప్పుడు వాళ్ళ ముఖాలు చూడాలి.

కిందటి నెల వెళ్ళినప్పుడు, "మళ్ళీ రంగూను చూడలేకపోయావుగా అత్తయ్యా" అన్నాను.

"దాన్ని వెతుక్కుంటా నేనెందుకు పోవాల? అదే నన్ను వెతుక్కుంటా వచ్చింది" అంది. కిన్ని సిగ్గుపడి లోపలికి పారిపోయింది.

మొన్న నేను చేరేసరికి ఇంటినిండా జనం. రోడ్డు పక్కన లారీలు బారుగా ఆగి ఉన్నాయి. అత్తయ్యకు తెల్లచీర కట్టి పెట్టెలో పడుకోబెట్టారు. కీర్తన పూర్తయ్యాక మూత వేయబోతుంటే కిన్ని, "ఆగండి" అంది. లోపలికి వెళ్ళి సానరాయి, చిన్న చెక్కముక్క తెచ్చుకుంది. వాళ్ళ దేశంలో ఆడపిల్లలు ముఖానికి రాసుకునే చెక్క అది. ఓడలో తనతో తెచ్చుకున్న దాంట్లో మిగిలింది అంతే. నేల మీద కూర్చుని, నీళ్ళు చిలకరించుకుంటూ, తొందర లేకుండా అరగదీసింది. వేలితో ఆ గంధం తీసుకుని అత్తయ్య రెండు బుగ్గల మీద గుండ్రంగా రాసి, నోటితో మెల్లగా ఊదుతూ కూర్చుంది. తడి ఆరుతున్నకొద్దీ ఆ ముసలి బుగ్గల మీద లేతపసుపు రంగు తేలింది.