మసి పూసిన గుర్రం

గుండెల మీద కుంపటి అంటారు. నాది కుంపటి కాదు, గుర్రం. నాలుగేళ్లుగా అక్కడే నిలబడి ఉంది. పడుకుంటే కాళ్లు మారుస్తుంది, లేస్తే తల ఎగరేస్తుంది. నవ్వకండి. ఇదంతా నవ్వు వల్లనే వచ్చింది.

మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. తెలిస్తే మీ ముఖం చూసి మాట మార్చేస్తాను, ఆ విద్య నాకు బాగా వచ్చు. వట్లూరు దగ్గర ఒక ప్రైవేటు కాలేజీలో తెలుగు చెబుతాను. పేరు మాత్రం అడగకండి. ఈ ఒక్క పిరికితనం నాకు వదిలేస్తే మిగతాదంతా చెబుతాను.

నా పాత విద్యార్థి కిశోర్, పెదపాడు వాడు, ఒక సినిమా తీశాడు. కౌబాయ్ సినిమా. అందులో దెయ్యం. వినగానే నవ్వొచ్చింది కదా? నాకూ వచ్చింది. మే నెలలో నీళ్లు వెనక్కి తగ్గాక కొల్లేటి అంచున నేల బీటలు వారి, కనుచూపు మేర చెట్టూ చేమా లేకుండా ఉంటుంది. అది చూసి వాడికి ఎడారి కనిపించిందట. ఒక చేపల ప్యాకింగ్ షెడ్డుకి ఊగే రెక్కల తలుపు తగిలించి సారా కొట్టు అన్నాడు. టోపీలు ద్వారకా తిరుమల కొండ కింద అంగళ్లలో కొన్నాం. గుండు చేయించుకున్నవాళ్లు ఎండకి పెట్టుకుంటారే, ఆ రకం. అంచులు పైకి వంచి సూదీ దారంతో కుట్టింది నేనే. తుపాకులు చెక్కవి. బడ్జెట్ సంగతి ఇక వేరే చెప్పక్కర్లేదు.

మాటలు నేను రాశాను. తనని అన్యాయంగా చంపేసిన ఊరి మీదికి ఒక రౌతు చచ్చాక గుర్రమెక్కి తిరిగి రావడం కథ. ఆ చచ్చిన రౌతుకి నలభై పేజీల సంభాషణలు రాశాను. రాత్రింబవళ్లు కూర్చుని చెక్కాను. జన్మలో అంత బాగా ఏదీ రాయలేదనుకున్నాను. ఎడిటింగ్ అయ్యాక చూస్తే రౌతు నోట ఒక్క ముక్క లేదు. కిశోర్ తల గోక్కుంటూ, దెయ్యం మాట్లాడితే భయం పోతుందండీ మాస్టారూ అన్నాడు. సరేనయ్యా, నీ సినిమా నీ ఇష్టం అన్నాను. పైకి నవ్వాను. లోపల ఏం జరిగిందో అప్పుడు గమనించుకోలేదు. గమనించుకుని ఉంటే ఆగేవాడినా? ఏమో, ఆ మాట కూడా గట్టిగా అనలేను.

ఇక గుర్రం. ఏలూరులో ఏసుపాదం అని ఒకాయన ఉండేవాడు. పెళ్లికొడుకులని గుర్రం మీద ఊరేగించడం ఆయన పని. తెల్లటి గుర్రం, పేరు ముత్యం. డప్పు మోగిందంటే చాలు, ముందు కాళ్లు రెండూ మార్చి మార్చి ఎత్తుతూ, మెడ వంచి ఆడేది. దాన్ని సినిమాకి అడిగితే ఏసుపాదం రెండు రోజులు ఆలోచించి ఒక షరతు పెట్టాడు. ఇది ముత్యం అని ఎవరికీ తెలియకూడదు. దెయ్యం ఎక్కిన గుర్రం అని పేరొస్తే శుభమా అని పెళ్లి చేసుకునేవాళ్లు ఎవరు పిలుస్తారు? ఆ మాట నిజమే. అందుకని రోజూ తెల్లారకముందే ఇంటి దగ్గరే దానికి ఒళ్లంతా మసి పూసి, నల్లగుర్రాన్ని చేసి తీసుకొచ్చేవాడు. విజయవాడ నుంచి వచ్చిన కెమెరా మనిషికీ నటులకీ అది ఎవరి గుర్రమో, దాని అసలు రంగేమిటో తెలియదు. ఒట్టు వేసింది ముగ్గురం. కిశోర్, ఏసుపాదం, నేను.

ఒక మధ్యాహ్నం అందరూ షెడ్డులో భోజనాలకి కూర్చున్నారు. మేం ముగ్గురమే బయట ఉన్నాం. గుర్రం ఏదో వింతగా చెయ్యాలి బాబాయ్, మామూలు గుర్రం చెయ్యనిది, అని కిశోర్ బతిమాలుతున్నాడు. ఏసుపాదం చేపల ప్లాస్టిక్ ట్రే ఒకటి తిరగేసి, దాని ముందు గొంతుకూర్చుని దరువు వేశాడు. ముత్యం ఆడింది. బీటలు వారిన నేల మీద, మిట్టమధ్యాహ్నం, మీద మనిషి లేకుండా. కిశోర్ తనే కెమెరా పట్టాడు. తరవాత వాడు చేసిన పని ఏమిటంటే, ఆ దరువు శబ్దం మొత్తం తీసేశాడు. గాలి చప్పుడు మాత్రం ఉంచాడు. చావు దగ్గర పడిన మనిషి గడప ముందుకి ఆ నల్లగుర్రం వచ్చి, ఏ చప్పుడూ లేకుండా ఆడుతుంది. అంతే సీను.

విడుదల రోజున తాడేపల్లిగూడెంలో ఉదయం ఆట చూశాను. ఎవరికీ చెప్పకుండా ఒక్కడినే వెళ్లాను. మాస్కులు ఇంకా పూర్తిగా పోని రోజులు. మాస్కు, తల మీద క్యాప్. హాల్లో నలభై మంది ఉంటారేమో. టోపీలు కనిపించగానే ఒకాయన, "ఒరే, కొండకెళ్లొచ్చారా, గుండేదిరా?" అని అరిచాడు. హాలంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. నిజం చెప్పాలా? నాకు హాయిగా ఉంది. నా మాటలు తీసేశావు కదా, అనుభవించు అనుకున్నాను.

అప్పుడు గుర్రం వచ్చింది.

హాలు చప్పబడిపోయింది. మొదట నవ్వబోయినవాళ్ల నవ్వు గొంతులోనే ఉండిపోయింది. నా ముందు వరుసలో ఒకావిడ పక్కనున్న ఆయన చెయ్యి పట్టుకుంది. వెనక ఎవరో "అమ్మ బాబోయ్" అని మెల్లగా అన్నారు. నాకు తెలుసు అది ముత్యమని, అక్కడ ట్రే మీద దరువు పడుతోందని, మసి చెమటకి కారుతోందని. అన్నీ తెలిసిన నాకే ఒళ్లు జలదరించింది. కిశోర్ అన్నది నిజం. నా నలభై పేజీల్లో ఒక్క వాక్యం అక్కడ పడినా సీను చచ్చేది. ముప్పై ఏళ్లుగా పిల్లలకి భాష చెబుతున్నవాడిని, మాట లేకపోవడంలో ఉన్న బలం నా శిష్యుడికి తెలిసి నాకు తెలియకపోయింది. దాన్ని ఓర్చుకోలేకపోయాను. ఇంతకన్నా పెద్ద కారణం ఏదైనా ఉంటే బావుండునని చాలాసార్లు వెతికాను. లేదు. కుళ్లు. ఉత్త కుళ్లు.

బయటికొస్తే పబ్లిక్ టాక్ వాళ్లు మైకు పట్టుకుని నిలబడ్డారు. ఎలా ఉందండీ సినిమా అన్నారు. నేను పక్కనుంచి వెళ్లిపోవచ్చు. అందరూ వెళ్లిపోతున్నారు కూడా. నేను ఆగాను. గొంతు మార్చడం నాకు తెలుసు, ఆ సినిమాలోనే మూడు చిన్న పాత్రలకి డబ్బింగ్ చెప్పాను. ముక్కుతో మాట్లాడే పల్లెటూరి ఆసామి గొంతు ఒకటి ఎత్తుకున్నాను.

"ఏం దెయ్యమండీ బాబూ! అది ఏలూరు పెళ్లిగుర్రం! తెల్లగుర్రానికి మసి పూసి మారేడుకాయ చేశారండీ. చేపల ట్రే మీద దరువేస్తే స్టెప్పులేసింది. మీరూ వెయ్యండి, ఇంకా బాగా ఆడుద్ది!"

చుట్టూ ఉన్నవాళ్లు పడీ పడీ నవ్వారు. ఆ నవ్వు ఎంత తియ్యగా ఉందో చెప్పకుండా ఉంటే ఈ ఒప్పుకోలు అబద్ధమవుతుంది. నా మాటకి జనం నవ్వారు. జీవితంలో మొదటిసారి నా డైలాగు పేలింది. బస్సెక్కేవరకూ నాలో నేనే నవ్వుకున్నాను. బస్సు కదిలాక ఏసుపాదం గుర్తొచ్చాడు. ఒట్టు వేయించుకునేటప్పుడు ఆయన నా చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు. దిగి వెనక్కి వెళ్లి ఆ మైకువాళ్ల కాళ్లు పట్టుకుని ఉండాల్సింది. దిగలేదు. ఎవరు చూస్తారులే అనుకున్నాను. సాయంత్రానికి చూడనివాడు లేడు.

మర్నాడు ఏలూరులో మ్యాట్నీకి కిశోర్ అందరినీ పిలిచాడు. ఏసుపాదం ఇస్త్రీ చొక్కా వేసుకుని భార్య మరియమ్మని తీసుకొచ్చాడు. ఆవిడ ఎప్పుడో పెళ్లయిన కొత్తలో హాల్లో సినిమా చూసిందట, మళ్లీ ఇదే. హాలు నిండింది. కిశోర్ ముఖం వెలిగిపోతోంది. ఎందుకు నిండిందో మాకు గుర్రం సీనులో తెలిసింది. గుర్రం తెర మీదికి రాగానే ఎవరో కుర్చీ చేతి మీద దరువు మొదలెట్టారు. ఇంకొకరు అందుకున్నారు. ఇక హాలు హాలంతా దరువే. ఈలలు. అక్షింతలు తెచ్చుకున్నారు, తెర మీదికి విసిరారు. కిశోర్ తీసేసిన శబ్దాన్ని జనం మళ్లీ వేశారు, ముత్యం ఆ దరువుకి సరిగ్గా ఆడింది. ఏసుపాదం తల వంచుకుని కూర్చున్నాడు. మరియమ్మ అయోమయంగా చుట్టూ చూస్తోంది.

బయట, టికెట్ల కౌంటర్ పక్కన, కిశోర్ ఆయన్ని నిలదీశాడు. ఆ నాలుగు మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి.

"ఎవరికి చెప్పావు బాబాయ్?"

"నేనెందుకు చెప్తాను బాబూ? నా పొట్ట నేనే కొట్టుకుంటానా? ముత్యం మీద ఒట్టు."

కిశోర్ నా వైపు తిరిగాడు. "మాస్టారూ, మీరు చెప్పండి. ఆ ట్రే సంగతి మన ముగ్గురికే కదండీ తెలుసు."

వాడికి నా మీద అనుమానం రాలేదు. గురువు కదా. నేను గొంతు సవరించుకున్నాను. "ఏమోనయ్యా. పెళ్లిళ్ల వెంట పది ఊళ్లు తిరిగే మనిషి. మందు లోపలికెళ్తే ఎవరి నోరు ఆగుతుంది?"

"మందేంటండీ మాస్టారండీ?" అన్నాడు ఏసుపాదం. "నేను మానేశాను కదండీ."

"అవునవును, మానేశావు," అన్నాను. అని, చిన్నగా నవ్వాను.

మైకు ముందు అన్నది ఒక తప్పు. ఈ నవ్వు దాన్ని మించిన తప్పు. ఏసుపాదం పదేళ్ల కిందట మందు మానేసి, వాళ్ల చర్చిలో అందరి ముందు నిలబడి సాక్ష్యం చెప్పిన మనిషి. మరియమ్మకి ఆ పదేళ్లే సంసారం. నా నవ్వు చూసి ఆవిడ మొగుడి ముఖంలోకి చూసింది. ఒక్క క్షణమే. ఆ చూపులో ఒక ప్రశ్న ఉంది. ఆయన దాన్ని చూశాడు. నేను ఆటో ఎక్కి ఇంటికెళ్లి భోజనం చేశాను. పప్పు బావుందని కూడా అన్నాను.

సినిమా వారం తిరక్కుండానే ఎత్తేశారు. ఎలాగూ ఆడేది కాదని నాకు నేను ఎన్నోసార్లు చెప్పుకున్నాను. గుండు టోపీల కౌబాయ్‌లని ఎవరు చూస్తారు? నిజమే కావచ్చు. కానీ ఆ తాడేపల్లిగూడెం హాల్లో నలభై మంది ఊపిరి బిగబట్టిన సంగతి నేను చూశాను కదా. ఒక్క రోజు ఆలస్యంగా నోరు విప్పినా ఆ భయం గురించి నలుగురు నలుగురికి చెప్పేవారేమో. సినిమా ఇప్పుడు ఫోన్లలో దొరుకుతుంది. అప్పుడప్పుడూ ఎవరో తెలియనివాళ్లు, ఆ గుర్రం సీను చూసి వణుకు పుట్టింది అని కింద రాస్తారు. వెంటనే ఇంకొకరు నా వీడియో ముక్క తెచ్చి అక్కడ పెడతారు. అంతే, మళ్లీ నవ్వులు. కిశోర్ ఇప్పుడు చేపల మేత కంపెనీలో పని చేస్తూ చెరువుల వెంట బండి మీద తిరుగుతున్నాడు. కనిపిస్తే నమస్కారం పెడతాడు, సినిమా ఊసు ఎత్తడు.

ముత్యాన్ని ఆ ఏడాది ఒక్క పెళ్లికీ పిలవలేదు. దెయ్యం గుర్రం ఎక్కిస్తామా, మీకేమైనా మతిపోయిందా అన్నారట. ఏసుపాదం అమ్మేశాడు. ఎవరికి అమ్మాడో నేను అడగలేదు.

ఇప్పుడు మా పక్క కాలేజీ గేటు దగ్గర వాచ్‌మన్ ఆయన. రోజూ పొద్దున్నే నేను బండి దిగుతుంటే లేచి నిలబడి, "నమస్తే మాస్టారండీ" అంటాడు. నేను హెల్మెట్ తియ్యకుండానే తలూపుతాను. చూశారా, ముఖం దాచుకోవడం నాకు అలవాటైపోయింది.

పోయిన వారం వాన పడుతుంటే ఆయన గదిలో నిలబడాల్సి వచ్చింది. స్టూలు తుడిచి నాకు వేశాడు. కాసేపు వాన చూశాడు. తరవాత నెమ్మదిగా అడిగాడు.

"మాస్టారండీ, ఒకటి అడుగుతాను, ఏవనుకోకండి. అప్పట్లో నేను ఎక్కడైనా తాగి వాగానంటారా? నాకైతే తాగినట్టు గుర్తు లేదండీ. కానీ చదువుకున్నోరు, మీరే అన్నారంటే... ఒకేళ తాగి మర్చిపోయానేమోనని. చర్చిలో సాక్ష్యం చెప్పమంటే లేవలేకపోతన్నానండీ."

నాలుగేళ్లుగా ఆయన తన జ్ఞాపకాన్ని కాదని నా మాట నమ్ముతున్నాడు. ఆయన గుర్రం పోయిందని తెలుసు, పని పోయిందని తెలుసు. తన మీద తనకున్న నమ్మకాన్ని కూడా నేనే తీసుకున్నానని అప్పుడు తెలిసింది. నేనేం చెప్పానో తెలుసా? వాన తగ్గింది, వస్తాను అన్నాను. వాన తగ్గలేదు. తడిసి ముద్దై స్టాఫ్ రూములో కూర్చున్నాను.

అప్పటి నుంచి రాస్తున్నాను. కొట్టేసి మళ్లీ రాస్తున్నాను. మాటల మనిషిని కదా, ప్రతిసారీ వాక్యం ఎక్కడో ఒకచోట నన్ను వెనకేసుకొస్తోంది. ఇక చెక్కను. రేపు ఆ గేటు దగ్గర ఈ కాగితం ఆయన చేతికిస్తానో, హెల్మెట్ లోపలి నుంచి మళ్లీ తలే ఊపుతానో నాకు తెలియదు. క్షమించమని అడగను, అడిగితే ఆయన క్షమించేస్తాడు, అది ఇంకో దొంగతనం అవుతుంది. ఆయనకి ఇవ్వాల్సింది రెండు ముక్కలే. వాటిని కనీసం ఇక్కడ, మీ ఎదట, నా సొంత గొంతుతో చెబుతాను.

ఏసుపాదం గారూ, మీరు తాగలేదు. ఎవరికీ చెప్పలేదు. చెప్పింది నేను.