బాపు ఇంట్లో లేని తెల్లవారుజాములు

వానాకాలం మొదట్లో ఒక రోజు, ఇంకా వెలుతురు రాకముందే నీళ్లు పట్టుకుందామని బిందెలు సర్దుతుంటే మా పాప అక్షు లేచి ఏడ్చింది. అది రోజూ ఏడ్చే ఏడుపు కాదు. ఎత్తుకుంటే చేతులతో నెట్టేసింది. నన్ను చూస్తూనే ఉంది కానీ గుర్తుపట్టినట్టు లేదు. మెడంతా చెమట, కాళ్లూ చేతులూ చల్లగా ఉన్నాయి. అప్పటికి దానికి రెండేళ్లు నిండాయి. చక్కెర ఎక్కువేసిన చాయ్‌లో బిస్కెట్ ముంచి నోట్లో పెడితే మెల్లగా తేరుకుంది.

మేం సూరత్‌లో వడోద్ దగ్గర ఒక గదిలో ఉంటాం. మా ఆయనకు మగ్గాల మీద రాత్రి షిఫ్టు. సాయంత్రం వెళితే తెల్లారాకే రావడం. ఆయన వచ్చేసరికి పిల్ల గిన్నెలు వాయిస్తూ ఆడుకుంటోంది.

"మంచిగనే ఉన్నది గదనే. నువ్వే ఉత్తగ బుగులు పడ్డవ్" అన్నాడు.

తర్వాత అదే ఏడుపు మళ్లీ మళ్లీ వచ్చింది. పక్క గదిలో ఉండే రాజవ్వ, మా జగిత్యాల వైపు మనిషే, దిష్టి తీసింది. గల్లీ డాక్టర్ నులిపురుగులన్నాడు, సిరప్ రాశాడు. దవడ పళ్లు వస్తున్నాయని ఇంకొకరన్నారు. అన్నీ నమ్మాను, ఏదీ పనిచేయలేదు.

ఒక్క సంగతి మాత్రం నా కంటబడింది. వారానికి ఒక రోజు కార్ఖానా బంద్ ఉంటుంది. ఆ రాత్రి ఆయన ఇంట్లోనే పడుకుంటాడు. ఆ తెల్లవారుజామున పిల్ల హాయిగా నిద్రపోయేది.

"బాపు మీద బెంగటిల్లిందే పోరి" అని రాజవ్వ తేల్చేసింది. నాన్నను మేం బాపు అంటాం. ఆ మాట అందరికీ నచ్చింది, మా ఆయనకు మరీ నచ్చింది. కొన్నాళ్లు గల్లీలో ఛాతీ విరుచుకుని తిరిగాడు. తను విడిచిన అంగీ పిల్ల మీద కప్పమన్నాడు. కప్పాను. దుప్పటికి మగ్గాల నూనె వాసన పట్టింది కానీ ఏడుపు తగ్గలేదు.

చివరికి పగటి షిఫ్టు అడిగితే సేఠ్ ఖాళీ లేదన్నాడు. "ఈ పని ఇడిసిపెడ్త లతా. పిల్ల కన్న ఎక్కువనా ఏంది" అన్నాడు ఆయన. మగ్గం తప్ప ఇంకో పని తెలియని మనిషి ఆయన.

ఆ మాటన్న వారమే పిల్లకు జలుబు చేసింది. కార్ఖానా బంద్ రోజది, పిల్లకు బాగాలేదని ఆయన బయటికి పోలేదు. సాయంత్రమే ఒక్క ముద్ద కూడా ముట్టకుండా బాపు పక్కన పడుకుంది. తెల్లవారుజామున ఈసారి ఏడవలేదు, మూలిగింది. ఆయన ఎత్తుకుంటే చేతుల్లోనే వాలిపోయింది. కళ్లు పైకి పోయాయి.

"నేను ఈడనే ఉన్న గద. ఇంక బెంగేంది లతా" అన్నాడు. 

ఆటోలో పిల్లల దవాఖానకు పరుగెత్తాం. సిస్టర్ వేలు గుచ్చి గ్లూకోమీటర్ చూసి, "షుగర్ బహుత్ లో హై" అంటూ, చక్కెర బాగా పడిపోయిందని డాక్టరమ్మను పిలిచింది. ముందు పరీక్షలకు రక్తం తీశారు, వెంటనే గ్లూకోజ్ ఎక్కించారు. నాకు మొక్కుకోవడం కూడా తోచలేదు. చూస్తుండగానే పెదవులకు రంగు వచ్చింది. కళ్లు అటూ ఇటూ వెతికి నా మీద ఆగాయి. "అమ్మా, బిస్కెట్" అంది. చూడ్డానికి నీళ్లలా ఉన్న ఆ మందు నా బిడ్డను నాకు తిరిగి ఇచ్చింది. 

డాక్టరమ్మ గుజరాతీ ఆమె, మాతో హిందీలో మాట్లాడింది. "రాత్ కో ఆఖరీ బార్ కబ్ ఖాయా?" అని అడిగింది. రాత్రి చివరిసారి ఎప్పుడు తిన్నదని అప్పటిదాకా మమ్మల్ని ఎవరూ అడగలేదు. తర్వాత ఓపికగా చెప్పింది. మనం పడుకున్నా మెదడుకు, గుండెకు తిండి కావాలట. లివర్ దాచుకున్న చక్కెరను రాత్రంతా కొంచెం కొంచెంగా వదులుతుందట. కొందరు చిన్నపిల్లల్లో ఆ నిల్వ తెల్లారేదాకా సరిపోదట. నా అరచేతికి సరిపోయే ఆ పొట్ట వైపు చూశాను. దాని లోపల రోజూ ఇంత పని జరుగుతోందా అనుకున్నాను.

"మరి వాళ్ల బాపు ఉన్న రోజు ఎందుకు బాగుండేది?" అని అడిగాను. ఆ రోజు తిండి ఎప్పుడని ఆమె ఎదురడిగింది.

మేమిద్దరం మొహాలు చూసుకున్నాం. మా అక్షు తినేది బాపు పళ్లెంలోనే. పని రోజుల్లో ఆయన షిఫ్టుకు పోయేముందు, ఇంకా పొద్దుండగానే తింటారు. ఆయన గడప దాటగానే అది పడుకుంటుంది. బంద్ రోజు ఆయన ఊరివాళ్లతో ముచ్చట్లు పెట్టి ఆలస్యంగా వచ్చి మళ్లీ పళ్లెం ముందు కూర్చుంటాడు. ఆ చప్పుడుకు ఇది లేచి ఆయన ఒళ్లో చేరి పెరుగన్నం తింటుంది. ఇన్నాళ్లూ దాన్ని కాచింది ఆ రెండో తిండి.

"అంటే నా మీద బెంగ కాదా మేడమ్" అని ఆయన హిందీలో అడిగాడు. డాక్టరమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది.

రిపోర్టులు వచ్చేదాకా మాకు అన్నం సహించలేదు. వేరే పెద్ద జబ్బులేవీ లేవని తేలింది. దీన్ని కీటోటిక్ హైపోగ్లైసీమియా అంటారని, చాలామంది పిల్లలకు పెరిగేకొద్దీ తగ్గిపోతుందని చెప్పారు. పడుకునేముందు తిండి పెట్టాలి, పాలలో చెప్పిన కొలతకు పచ్చి కార్న్‌ఫ్లోర్ కలిపి తాగించాలి. జ్వరమొచ్చి తినకపోతే ఆలస్యం చేయకుండా తీసుకురావాలి.

పచ్చి పిండి పిల్లకెలా పడుతుందని, నేను దాన్ని శుభ్రంగా జావ కాచి పోశాను. కొన్నాళ్లకే ఆ ఏడుపు మళ్లీ వచ్చింది. ఉడికిస్తే తొందరగా అరిగిపోతుంది, పచ్చిదైతేనే తెల్లారేదాకా కొంచెం కొంచెంగా అరుగుతుందని, మళ్లీ దవాఖానకు వెళితే డాక్టరమ్మ చెప్పింది. వంటగదిలో చులకనగా చూసే ఆ తెల్ల పిండికి అంత నిదానం ఉందని నాకేం తెలుసు.

ఇప్పుడు అక్షుకు మూడేళ్లు దాటాయి. నీళ్లు పట్టేటప్పుడు ఒకసారి వచ్చి దాని మెడ తడిమి చూస్తాను. పొడిగా ఉంటుంది. ఆ పొడి మెడ మీద చెయ్యి అలాగే పెట్టి కాసేపు నిలబడిపోతాను.

మీ ఇంట్లో పసిబిడ్డ తెల్లవారుజామున చెమటలతో, మనిషిని పోల్చుకోకుండా ఏడుస్తుంటే ఆలస్యం చేయకుండా దవాఖానకు తీసుకెళ్లండి. రాత్రి చివరి ముద్ద ఎప్పుడు తిన్నదో ఎవరూ అడగకపోయినా మీరే చెప్పండి, షుగర్ చూడమనండి.

మా ఇంట్లో ఒక్కరే రాత్రి పనికి వెళతారని ఇన్నాళ్లూ అనుకున్నాను. నిజానికి ఇద్దరు. మగ్గాల దగ్గర ఆయన, పిల్ల పొట్టలో ఆ చిన్న లివర్. ఆయనకు ఏనాడూ తిండి డబ్బా కట్టకుండా పంపలేదు. ఇప్పుడు ఇద్దరికీ కడుతున్నాను.