లచ్చిమ్మ శనివారాలు

శనివారం వచ్చిందంటే చెంచులక్ష్మి చేతిలో పని నిలవదు. కడిగిన గావా కప్పులే, ఆ అరబ్బు కాఫీ కప్పులే, మళ్లీ కడుగుతుంది. తాను చూసుకునే ముసలామెకు మాత్ర వేసి, వేశానో లేదో అని డబ్బీ విప్పి చూసుకుంటుంది. వంటింట్లోంచి పెరట్లోకి, పెరట్లోంచి వంటింట్లోకి తిరుగుతుంది. ఉల్లిగడ్డలు తరుగుతున్న ఆ ఇంటి వంటమనిషి జైతూన్ బీ చూసి చూసి విసుక్కుంటుంది.

"కూచోమే లచ్చిమ్మా. కాలు కాలిన పిల్లి మాదిరి తిరగతాండావు. ఆడేది వాడా, నువ్వా?"

"ఆడేది వాడే అక్కా. తగిలేది నాకు."

వాడంటే ఆల్ఫీ. ఇంగ్లండులో ఒక చిన్న ఊరి రగ్బీ జట్టులో మైదానం అంచు వెంబడి ఉరికే ఆటగాడు. ఆ దేశంలో ఆ పోటీలు మెట్లు మెట్లుగా ఉంటాయి. పై మెట్ల మీద ఆడేవాళ్లకు జీతాలూ టీవీలూ. ఆల్ఫీ జట్టుది చాలా కింది మెట్టు. వారమంతా ఒకడు నీళ్ల గొట్టాలు బిగిస్తాడు, ఒకడు రొట్టెలు కాలుస్తాడు, ఒకడు బడిలో లెక్కలు చెబుతాడు. శనివారం మధ్యాహ్నం అందరూ నిక్కర్లు తొడుక్కొని బురదలో పడి పొర్లాడతారు. సెప్టెంబరులో మొదలైతే ఏప్రిల్ దాకా అదే పని. ఆఖరున అట్టడుగున మిగిలిన జట్లు ఇంకో మెట్టు కిందికి దిగిపోవాలి.

అలాంటి ఆటకు కెమెరాలు ఎక్కడివి? ఆల్ఫీ తల్లి గెయిల్ మైదానం అంచున నిలబడి, తన ఫోనులో చెంచులక్ష్మికి వీడియో కాల్ చేస్తుంది. గాలికి ఫోను ఊగుతుంది. మధ్యలో ఎవరిదో కుక్క అడ్డం వస్తుంది. అక్కడ మధ్యాహ్నమైతే ఇక్కడ, సౌదీలో, అల్ ఖోబర్‌లోని అల్ అజీజియాలో, సాయంత్రం. ముసలామె చక్రాల కుర్చీ పక్కన పీట మీద కూర్చుని, ఫోనును ఖర్జూరాల గిన్నెకు ఆనించి, చెంచులక్ష్మి ఆట చూస్తుంది. చూస్తుంది అనడం కంటే ఓర్చుకుంటుంది అనడమే సరి.

ఆమెది రాజంపేట అవతల నందలూరు పక్క పల్లె. మొగుడు పోయాక, నాలుగేళ్ల కూతురు సృజనను తల్లి దగ్గర వదిలి ఖోబర్ వచ్చింది. మొదట పనికి కుదిరింది గెయిల్ ఇంట్లోనే. గెయిల్ అప్పట్లో ఇక్కడి ఒక బడిలో టీచరు. అప్పటికి ఆల్ఫీ తప్పటడుగులు వేస్తున్నాడు. తల్లి బడికి పోతే వాడికి పగలంతా లచ్చిమ్మే లోకం. వాడి నోట మొదట పలికిన మాట 'మమ్మీ' కాదు, 'నీల్లు'. గెయిల్ ఆ మాటకు అర్థం అడిగి తెలుసుకుని, నవ్వి, ఆ తర్వాత కాసేపు కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయిందట.

వాడికి పదకొండేళ్లు వచ్చేదాకా చెంచులక్ష్మి సాకింది. ఆమె యాసలోనే వాడు తెలుగు నేర్చాడు. వాళ్లు దేశం వదిలి వెళ్లిపోతుంటే ఆమె కఫాలా, అంటే వీసా పూచీ, ఈ ఇంటి పేర మారింది. ఇంటావిడ నూరా. అందరిలాగే చెంచులక్ష్మీ ఆమెను మామా నూరా అంటుంది. నూరా తల్లి మామా కబీరా, అంటే పెద్దమ్మగారు. ఆ పెద్దావిడను చూసుకోవడమే ఇప్పటి పని.

ఈ ఆట మొదటిసారి చూసిన రోజున ఆమెకు తల తిరిగింది.

"పొట్టేళ్ల మాదిరి తలకాయలు ఆనించుకొని తోసుకుంటాండారక్కా. బంతి చూస్తే పీచు తీయని టెంకాయ. ముందుకు ఉరకాలంట, బంతి మాత్రం ఎనకనుండే వానికే ఇయ్యాలంట. ఇదేం ఆట?"

"మనం ఆడేది అదే గదమే," అంది జైతూన్ బీ. ఆమెది రాయచోటి. ఈ దేశంలో తల నెరిసింది. "మనం ముందుకు వచ్చేసినాం. సంపాదించింది ఎనక్కి ఇస్తాండాం."

మొదటి రెండు నెలలు బాగానే గడిచాయి. వరసగా మూడు ఆటల్లో ఆల్ఫీ గీత దాటి బంతిని నేలకు ఆనించి పాయింట్లు తెచ్చాడు. ఆ ఊరివాళ్ల ఫేస్‌బుక్‌లో వాడి బొమ్మ వేసి, జనమంతా కింద మెచ్చుకోళ్లు రాశారు. గెయిల్ సంబరంగా అవన్నీ పంపింది. చూసేకొద్దీ చెంచులక్ష్మికి సంబరం కంటే భయమే ఎక్కువైంది. ఇన్ని కళ్లు ఒక్క పిల్లవాడి మీదా?

నవంబరులో ఆమె భయమే నిజమైంది. బంతి పట్టుకుని ఉరుకుతున్న ఆల్ఫీని ఎదుటి జట్టువాడొకడు, తలుపంత మనిషి, అడ్డంగా వచ్చి గుద్దాడు. ఆల్ఫీ పడ్డాడు. లేవలేదు. గెయిల్ చేతిలో ఫోను కిందికి వంగి పచ్చిక చూపించింది. ఆ పచ్చిక వంక చూస్తూ చెంచులక్ష్మి ఇక్కడ కేకలు పెట్టింది.

మరునాడు వాడే ఫోన్ చేశాడు. కన్ను కింద నల్లగా ఉబ్బి ఉంది. "ఏం గాలేదు లచ్చిమ్మా. ఊరికే నిద్రపోయినా."

"నిద్రంట నిద్ర! నీ ఆట మట్టిగొట్టుకుపోనూ. నిలిపెయ్ సామీ."

"ఆడకపోతే నేను సచ్చిపోతా."

"ఆడితే సస్తావురా నాయనా!"

వైద్యుడు కొన్నాళ్లు ఆడొద్దన్నాడు. తలకు ఇంకోసారి అలాంటి దెబ్బ తగిలితే ఇక జన్మలో ఆట లేదని కూడా చెప్పాడు. గెయిల్ ఆ మాట చెప్పిన రోజే చెంచులక్ష్మి గుప్పెట్లో రాళ్లుప్పు, ఎండు మిరపకాయలు తీసుకుంది. పెరట్లో చిన్న వంటగది ఉంది. చేపలూ మాంసమూ వండేది అక్కడే. పొయ్యి ముందు నిలబడి, ఫోనులో ఆల్ఫీ బొమ్మ పెట్టి, దాని చుట్టూ గుప్పెడు తిప్పింది. ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, ఆ ఊరి దిష్టి, ఆ తలుపంత మొగోని దిష్టి, నా దిష్టి. తిప్పి మంటలో వేసింది.

మిరపకాయలు నల్లబడ్డాయి. ఘాటు రాలేదు. దగ్గు రాలేదు. దిష్టి ఉంటే ఘాటు రాదని ఆమెకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఆమె పొయ్యి దగ్గరే కూలబడింది. వాడి మీద ఎంత దిష్టి ఉంటే ఇట్లా కాలుతాయి!

వాడు మళ్లీ ఆడటం మొదలుపెట్టాక ప్రతి శనివారం ఆటకు ముందు అదే పని. ఒక్కసారి మొదలుపెట్టాక మానడం ఎట్లా? మానిన రోజే ఏదైనా అయితే? రంజాన్ నెలలో ఇంకా కష్టమైంది. ఉపవాసం విడిచే వేళకే ఆట వేళ. ఒక బాణలిలో సంబూసాలు వేగుతుంటే, పక్క మంటలో మిరపకాయలు వేసి, నూనె వాసనలో ఈ వాసన కలిసిపోతుందిలే అనుకునేది.

జైతూన్ బీకి మాత్రం నిద్ర పట్టేది కాదు. "తోబా! ఈళ్లకు దిష్టి తెల్సు. కానీ ఈ నిప్పు, ఈ బొమ్మ సుట్టూ తిప్పడం సూస్తే సిహర్ అంటారు. చేతబడి అనుకుంటారే పిచ్చిదానా. పోలీసుల దాకా పోతాది. నీ ఇంగ్లీసు కొడుకు వచ్చి ఇడిపిస్తాడా?"

"ఎవురు సూస్తారక్కా?"

కూతురు సృజన కడపలో రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. ఆమెకూ ఈ సంగతి తెలిసింది. ఫోనులో మెత్తగానే అంది. "నా ఐదో తరగతి పరీచ్చలప్పుడు నాకు మీజిల్స్ వచ్చినాయి. అప్పుడు దిష్టి తీసింది అవ్వ. నీకు గుర్తుందా మా?"

చెంచులక్ష్మికి గుర్తుంది. ఆ రోజు ఆల్ఫీకి పన్ను ఊడింది. అదీ గుర్తుంది. "అన్నం తిన్నావా?" అని అడిగింది.

ఏప్రిల్‌లో ఆఖరి ఆట. గెలిస్తే ఉన్న మెట్టు మీద నిలుస్తారు, ఓడితే కిందికి. ముందు రోజు ఆల్ఫీ పంపిన ఫోటో చూసి చెంచులక్ష్మి గావుకేక పెట్టింది. జట్టంతా గుండ్లు.

"ఎవురు పోయినారురా? మీ నాయన బాగుండాడా?"

"అందరూ బాగుండారు లచ్చిమ్మా. జట్టంతా ఒకటే అని కొట్టుకున్నాం."

"తిరపతి మొక్కు అనుకోలే," అని జైతూన్ బీ సర్దింది. కానీ చెంచులక్ష్మికి ఆ నున్నటి తల చూసి నిద్ర లేదు. జుట్టయినా అడ్డం లేకుండా చేసుకున్నాడే! మర్నాడు సాయంత్రం పెరటి వంటగదిలో ఆ గుండు బొమ్మకు దిష్టి తీయడానికి చేయి రాలేదు. ఫోనులో వెతికి పాత బొమ్మ తీసింది. ఎనిమిదేళ్ల ఆల్ఫీ. ఇక్కడి బడిలో ఏదో పండగకు అరబ్బు పిల్లల మాదిరి తెల్లటి పొడుగు తోబ్ తొడుక్కుని, తలకు గుత్రా చుట్టుకుని నవ్వుతున్నాడు.

దాని చుట్టూ గుప్పెడు తిప్పుతుండగా వెనక తలుపు తెరుచుకుంది.

నూరాకు కనిపించింది ఇదీ: మంట, మిరపకాయలు, గొణుగుడు, ఫోనులో తోబ్ తొడుక్కున్న పసివాడు. ఆమె కొడుకు ఫైసల్‌కు కూడా ఎనిమిదేళ్లే.

"ఫైసల్!" అని అరిచింది. ఒక్క అంగలో వచ్చి ఫోను లాక్కుంది. "సిహర్! నా బిడ్డ మీద సిహర్!"

"లా, మామా, లా! ఫైసల్ గాదు!" చెంచులక్ష్మి అరబ్బీ, ఇంగ్లీషు, తెలుగు అన్నీ కలగలిపి మొరపెట్టుకుంది. జైతూన్ బీ పరుగున వచ్చి అడ్డం పడి, వచ్చిన అరబ్బీ అంతా వాడింది. నూరా వినలేదు. ఫోను పట్టుకుని లోపలికి పోయింది. భర్తకు కబురు చేస్తున్న గొంతు పెరట్లోకి వినిపించింది. ఖురూజ్, అంటే దేశం నుంచి పంపేయడం అనే మాట, తిరుగు టికెట్టు మాట, చెంచులక్ష్మి చెవిన పడింది. ఇంతలోనే ఆ ఫోను మోగడమూ వినపడింది. గెయిల్. ఆట మొదలైంది. మిరపకాయలు ఇంకా గుప్పెట్లోనే ఉన్నాయి.

"తీయడం కాలేదక్కా," అంది చెంచులక్ష్మి. "సగంలో నిలిచిపోయింది."

"నీ మొకం! ఇల్లు కాలతాంటే దిష్టంట!"

లోపలినుంచి పిలుపు వచ్చింది. పిలిచింది నూరా కాదు, మామా కబీరా. హాలులో ముసలామె కళ్లద్దాలు పెట్టుకుని, ఫోను కంటికి దగ్గరగా, దూరంగా పెట్టి ఆ బొమ్మ చూస్తోంది. నూరా పక్కన నిలబడి ఊపిరి ఎగపీలుస్తోంది.

"ఇవి మన ఇంటి చెవులా?" అంది ముసలామె కూతురితో. "చూడు, దొప్పల్లాగా ఎలా ఉన్నాయో. ఫైసల్‌కు మీ నాన్న చెవులు. వీడు ప్రతి శనివారం బురదలో దొర్లే పిల్లవాడు. ఈమె వాడి కోసమే ఏడుస్తుంది."

ఎంతసేపటికో నూరా కుర్చీలో కూర్చుంది. ముసలామె చెంచులక్ష్మి వైపు తిరిగి, తన కంటి కింద వేలు పెట్టి చూపించింది. "ఐన్?"

చెంచులక్ష్మి తల ఊపింది. ఐన్. కన్ను. దిష్టి.

ముసలామె నాలుకతో టక్కుమనిపించింది. కాల్చడాలూ తిప్పడాలూ తప్పు, చదవాలి అన్నట్టు వేలు ఆడించింది. తర్వాత కళ్లు మూసుకుని, పెదవులు కదుపుతూ ఏదో చదివి, ఫోను అద్దం మీద ఉఫ్ అని ఊదింది. నూరా లేచి, "ఈ ఇంట్లో ఇంకోసారి నిప్పు, మిరపకాయ చూశానంటే టికెట్ కొంటాను," అని చెప్పి లోపలికి వెళ్లిపోయింది. ఆ మాట ఉత్తిది కాదని అందరికీ తెలుసు.

ఫోను మళ్లీ మోగింది. ఖర్జూరాల గిన్నెకు ఆనించే ఓపిక లేక చెంచులక్ష్మి దాన్ని ముసలామె ఒళ్లోనే పెట్టింది.

అప్పటికే ఆట చివరికొచ్చింది. అన్నీ గుండ్లే, అందరి మీదా బురదే. ఏ గుండు ఆల్ఫీదో తెలియదు. ఎవరో బంతి పట్టుకుని గీత వైపు ఉరికారు. చెవులు చూసి గుర్తుపట్టింది ముసలామే. "అదుగో!" అంది. అంతలో ముగ్గురు వచ్చి వాడి మీద పడ్డారు. ఆ ముగ్గురి మీద ఇంకొందరు. చెంచులక్ష్మి ముసలామె చేయి పట్టుకుంది. ఎప్పుడు పట్టుకుందో ఆమెకే తెలియదు. ఒక్కొక్కరే లేస్తున్నారు. పైవాడు లేచాడు. వాడి కిందివాడు లేచాడు. ఇంకొకడు.

అందరి కిందా ఉన్నవాడు మోకాళ్ల మీద లేచాడు. పెదవి చిట్లింది. తల నిమురుకుని, ఉమ్మి, నిలబడ్డాడు.

ఈల మోగింది. గెయిల్ గొంతు ఏడుస్తున్నట్టు వినిపించింది. మైదానంలో గుండ్లన్నీ వంగిపోయాయి.

"గెలిచారా?" అని అడిగింది ముసలామె.

"ఓడిపోయినారు మామా." చెంచులక్ష్మి పమిటతో ముఖం తుడుచుకుంటూ నవ్వుతోంది. పక్కగదికి వినపడేట్టు జైతూన్ బీని కేకేసింది. "అక్కా! కిందికి దిగిపోయినారు! కింది మెట్టులో గుద్దేటోళ్లు కూడా రోంత సన్నంగా ఉంటారు గదక్కా?"

తర్వాతి శనివారం ఆట లేదు. ఆల్ఫీ స్నేహితులతో చేపలు పట్టడానికి పోయాడు. గెయిల్ ఫోన్ చేయలేదు. అయినా సాయంత్రానికి చెంచులక్ష్మి వంటింట్లోంచి పెరట్లోకి, పెరట్లోంచి వంటింట్లోకి తిరుగుతూనే ఉంది. ఆగి, ఉప్పు డబ్బా మూత తీసింది.

"మళ్లా మొదలుపెట్టినావా?" అంది జైతూన్ బీ.

"నిప్పు లేదు, మిరపకాయ లేదు. ఒట్టి ఉప్పేలే. నీళ్లలో ఏసేస్తా."

కడపలో సృజన ల్యాబు నుంచి బయటికొస్తూ తల్లి వీడియో కాల్ ఎత్తింది. "ఏందిమా, ఆట లేదా?"

"నువ్వు మొకం తూర్పు దిక్కు తిప్పు."

"ఈడ తూర్పు ఏదో నాకేం తెల్సు? పార్కింగ్‌లో ఉండా."

"ఏదో ఒక దిక్కుకు నిలబడుమే పాపా."

సృజన ఒక దిక్కుకు తిరిగింది. కదలకుండా నిలబడింది. చెంచులక్ష్మి గుప్పెడు తిప్పి ఉప్పును తొట్టిలో వేసి నీళ్లు వదిలింది. కరిగిపోయింది. ఘాటు లేదు, వాసన లేదు. పోయిందో పోలేదో తెలిసే దారే లేదు. ఫోనులో సృజన స్కూటీ తాళం తిప్పడం కనిపించింది.

"ఓ పాపా, నెత్తికి హెల్మెట్ యాడ?"

"పెట్టుకుంటే జుట్టు ఊడతాది మా."

"ఊడనీ! ఊడితే ఊడనీ! పెట్టుకో ముందు. పెట్టుకొని నాకు సూపీ!"